మూడు స్టేషన్లు – ఒక విశ్వవిద్యాలయము



సికింద్రాబాదునుండి ఫలక్‌నుమా దిక్కునకు పోవు నగరపు రైలుబండి సీతాఫల్‌మండి దాటిన పిమ్మట వరుసగా మూడు చిన్న స్టేషన్లలో ఆగును. మొదటిదాని పేరు ఆర్ట్స్ కాలేజి. రెండవదాని పేరు జామియా ఉస్మానియా. మూడవదాని పేరు విద్యానగర్. ఆఫీసులకు పోవువారు, కూరల గంపలవారు, పుస్తకముల సంచులు భుజమున తగిలించుకొన్న విద్యార్థులు ఎక్కుచు దిగుచుండగా, బండి ఈ మూడింటిని కొలది నిమిషములలోనే దాటిపోవును గనుక, ఆ పలకలమీది అక్షరములను నిదానించి చూచువారు అరుదు. మొదటి పేరు ఆంగ్లము. రెండవది అరబీనుండి ఉర్దూలోనికి వచ్చినది, జామియా యనగా విశ్వవిద్యాలయమనియే అర్థము. మూడవది సంస్కృతము, మన తెలుగున కలిసిపోయినది. ఒక్క విద్యాసంస్థ చుట్టును మూడు భాషల పేర్లు ఇట్లు బారులు తీరి నిలుచుట కాకతాళీయమే కావచ్చును గాని, ఉస్మానియా విశ్వవిద్యాలయపు నూఱేండ్ల చరిత్రను ఇంతకంటె సంక్షేపముగా చెప్పుట ఏ చరిత్రకారునికిని సాధ్యము కాదు. ఏలయన, ఆ చరిత్ర యంతయు ఒక్క ప్రశ్నచుట్టును తిరిగినది: జ్ఞానము ఏ భాషలో మాటలాడవలెను?

ఈ ప్రశ్న పుట్టిన కాలమును ఒకమాఱు స్మరింతము. 1917వ సంవత్సరమునకు పూర్వము హైదరాబాదు సంస్థానమున ఉన్నతవిద్య లేకపోలేదు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల యుండెను. కాని అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబద్ధమై, అచటి పాఠ్యక్రమమునే బోధించుచు, అచటి పరీక్షలకే విద్యార్థులను పంపుచుండెను. సంస్థానము స్వతంత్రమని చెప్పుకొనుచున్నను, దాని బాలుని బుద్ధిని తూచు తరాజు మాత్రము మద్రాసులో నుండెనన్నమాట. ఈ లోపమును గమనించిన సంస్థానపు ఉన్నతాధికారి సర్ అక్బర్ హైదరీ, సంస్థానమునకు స్వకీయమైన విశ్వవిద్యాలయము కావలెననియు, అందు బోధన ఉర్దూలో జరుగవలెననియు విన్నపమును సమర్పింపగా, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26వ తేదీన దానిని అంగీకరించెను. 1918 సెప్టెంబరులో స్థాపనకు ఫర్మానా వెలువడెను. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు భవనములలో తరగతులు మొదలైనప్పుడు విద్యార్థులు 225 మంది, ఉపాధ్యాయులు 25 మంది. ఒక మోస్తరు ఉన్నత పాఠశాలకు సైతము నేడు ఇంతకంటె పెద్ద హాజరుపట్టీ యుండును.

సంఖ్య చిన్నదే, సాహసము మాత్రము చిన్నది కాదు. కలకత్తా, బొంబాయి, మద్రాసులలో అరువదియేండ్లుగా విశ్వవిద్యాలయములు నడుచుచున్నను, గణితమును గాని, రసాయనమును గాని, న్యాయశాస్త్రమును గాని పట్టపరీక్షవఱకు ఒక భారతీయ భాషలో బోధించుట సాధ్యమని తలచినవారు ఆ దినములలో బహుకొద్దిమంది. ఉస్మానియా ఆంగ్లమును త్రోసివేయలేదు. దానిని ప్రతి విద్యార్థియు తప్పక చదువవలసిన పాఠ్యాంశముగా నుంచి, బోధనభాషా పీఠమునుండి మాత్రము దింపినది.

అయితే పాఠము చెప్పుటకు పుస్తకములేవి? ఉర్దూ గజళ్ళకు, ఖసీదాలకు, చరిత్రకు అలవాటుపడిన భాషయే గాని, ఉష్ణగతికశాస్త్రమునకు కాదు. అందుచేత విశ్వవిద్యాలయపు గోడలు లేవకమునుపే, తరగతి గదులు తెఱువకమునుపే, 1917లోనే దారుల్ తర్జుమా యను అనువాదశాల వెలసినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి అధ్యక్షుడు. తొలుత పారిభాషికపదములు, పిమ్మట పుస్తకములు, ఆ పిమ్మట పాఠములు: ఇదియే ఆ సంస్థ పెరిగిన క్రమము. నా యెఱుకలో విశ్వవిద్యాలయమొకటి నిఘంటువు కడుపున పుట్టుట ఇదియొక్కటే.

ఆ అనువాదశాలలో భాషావేత్తలును శాస్త్రవేత్తలును ఎదురెదురుగా కూర్చుండి, ఒక్కొక్క పదముకొఱకు గంటలకొలది వాదించుకొనెడివారు. శాస్త్రము నెఱిగినవానికి అర్థము చెడరాదు. భాష నెఱిగినవానికి చెవి నొవ్వరాదు. పదములను అరబీనుండియే తీయవలెనని కొందఱు పట్టుపట్టగా, ఉర్దూ ఈ నేలమీది ఆర్యభాష గనుక హిందీ మాటలతోను ప్రత్యయములతోను గూడ సమాసములు కట్టవచ్చునని అచటి పండితుడైన వహీదుద్దీన్ సలీం వాదించి, పదనిర్మాణముపై ఒక గ్రంథమునే రచించెను. కంటికి కానరాని సూక్ష్మవస్తువును చూపు యంత్రమునకు ఉర్దూలో ‘ఖుర్ద్‌బీన్’ అని పేరు. ఖుర్ద్ అనగా చిన్నది, బీన్ అనగా చూచునది. మనము ‘సూక్ష్మదర్శిని’ అనుకొన్నదియు ఇదే కదా! ఒక భాష పారసీకపు గనికి పోయినది, మఱియొకటి సంస్కృతపు గనికి పోయినది. రెండును తట్టలకెత్తుకొని వచ్చిన ఖనిజము మాత్రము ఒక్కటే. ఇట్లు దారుల్ తర్జుమా తన ముప్పదియేండ్ల జీవితమున వందలకొలది గ్రంథములను వెలువరించినది.

ఇచట ఒక తెలుగు శ్రోత మనస్సులో మెదలు సంగతిని దాచిపెట్టుట న్యాయము కాదు. ఇదే నగరమున, రెసిడెన్సీ బజారులో, అనగా నేటి సుల్తాన్ బజారులో, 1901లో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును ఇచటనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున ముద్రింపసాగిరి. దారుల్ తర్జుమా పుట్టుటకు పదునొకండేండ్ల ముందే, రాజపోషణము లేక, ఖజానా లేక, చందాదారుల రూకలను మాత్రమే నమ్ముకొని, ఆ మండలి అదే ప్రశ్నకు అదే సమాధానమును తెలుగున చెప్పజూచినది. సంస్థానపు జనులలో సగమునకు దగ్గరగా తెలుగువారు, నాల్గవవంతు మహారాష్ట్రులు, కన్నడులు మఱికొందఱు. ఉర్దూ మాతృభాషయైనవారు వీరికంటె తక్కువ. కావున ఉస్మానియా పరభాషాశృంఖలమును త్రెంచినదనుట సత్యమే. త్రెంచిన పిమ్మట పల్లెటూరి తెలుగు బాలునికి లభించిన భాష అతని తల్లిభాష కాకపోవుటయు సత్యమే. ఈ రెండు సత్యములలో ఒకదానిని మాత్రమే చెప్పువారిని నేను చాలమందిని చూచితిని; రెండింటిని ఒక్క గ్రుక్కలో చెప్పిన వానిని ఒక్కనినే చూచితిని.

ముప్పదియేండ్ల క్రిందటి మాట. ఆర్ట్స్ కళాశాల మెట్లమీద ఒక వృద్ధుడు కూర్చుండి యుండెను. నల్లగొండ ప్రాంతమువాడు, తలకు రుమాలు, చేత గుడ్డసంచి. మనుమని ప్రవేశరుసుముకై తెచ్చిన నోట్లను మోకాలిమీద పెట్టుకొని, పెదవులు కదలుచుండగా లెక్కించుచుండెను: బీస్, తీస్, చాలీస్, పచాస్. నేను ప్రక్కన నిలిచి, “తాతా, తెలుగువారై యుండి ఉర్దూలో లెక్కించుచున్నారేమి?” అని యడిగితిని. ఆయన తల యెత్తి నవ్వి, “ఉస్మానియా మెట్రిక్ చదివిన బిడ్డా. లెక్క జెయ్యాలంటె ఇప్పటికి ఉర్దూలనే నడుస్తది. ఏడుపొస్తె మాత్రం తెలుగులనే వస్తది” అనెను. ఆ పిమ్మట నోట్లను మొదటినుండి మరల లెక్కింపవలసి వచ్చినందులకు నన్ను కొంచెము కోపముగా చూచెను.

ఆ మెట్లు గల భవనమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అడిక్‌మెట్టున స్థలము నిశ్చయమైన పిమ్మట, సయ్యద్ అలీ రజా, జైన్‌యార్ జంగ్ అను ఇరువురు శిల్పులను ప్రభుత్వము విదేశములకు పంపి, అచటి విద్యాపీఠములను పరిశీలింపజేసినది. బెల్జియము దేశీయుడైన జాస్పర్ నమూనాలు గీచెను. 1934 జులై 5వ తేదీన ఆర్ట్స్ కళాశాలకు శంకుస్థాపనము జరిగినది. 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. తెల్లవారుజామున, ఎండ ఇంకను చెట్ల తలలమీదనే యుండగా, దాని యెదుట నిలుచుండి చూడుడు. గులాబివన్నె గల ఈ దక్కను రాయి తొలుత బూడిదవలె నుండి, క్షణక్షణమునకు రక్తము పారినట్లు ఎఱ్ఱవాఱుచుండును. నడుమ నింగి కెత్తిన మహాద్వారపు కమాను మసీదును తలపించును. దాని కిరుప్రక్కల వసారాలను మోయు బరువైన స్తంభములు, వాని బోదెలు ఎల్లోరా గుహలను తలపించును. కమాను బరువును స్తంభము మోయునా, స్తంభపు గాంభీర్యమును కమాను మోయునా యని విడదీసి చెప్పుట కష్టము. భాషల విషయమున పాలకులు సాధింపలేకపోయిన సామరస్యమును రాళ్ళ విషయమున శిల్పులు సాధించిరి.

ఆ సామరస్యము ఎంత పలుచనిదో 1938వ సంవత్సరమే చూపినది. వసతిగృహములందు విద్యార్థులు ప్రార్థనాసమయమున వందేమాతర గీతమును పాడగా అధికారులు నిషేధించిరి. నిషేధమును లెక్కింపనివారిని బహిష్కరించిరి. ఈ ఉద్యమము వరంగల్లు మొదలగు పట్టణములకును ప్రాకినది. యువకుడైన పాములపర్తి వేంకట నరసింహారావు అందు పాల్గొనినవారిలో నొకడు. చదువు చెడిన వందలమందికి నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెఱచినది. విచిత్రమేమనగా, 1896 కాంగ్రెసు మహాసభలో ఆ గీతమును ఆలపించిన రవీంద్రనాథ ఠాకూరునకు ఉస్మానియా గౌరవ డాక్టరేటు నొసగినదియు ఆ 1938లోనే. కవికి శాలువయు, పాటకు శిక్షయు ఒకే యేట, ఒకే ప్రాంగణమున!

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున లీనమైన పిమ్మట, ఉర్దూ బోధన అంతరించి ఆంగ్లము తిరిగి వచ్చినది. కొలదికాలమునకు దీనిని హిందీ బోధనభాషగా గల కేంద్రవిశ్వవిద్యాలయముగా మార్పజూచిన ప్రయత్నము తీవ్రమైన ప్రతిఘటనముచే ఆగిపోయినది. ఒక తరము వయస్సులోనే ఉర్దూ పోయి, హిందీ రాబోయి, ఆంగ్లము నిలిచినది. మఱి తెలుగు?

తెలుగు మొదటినుండియు ఆ ప్రాంగణమున నుండెను. అయితే బోధనభాషగా కాదు, బోధింపబడు భాషగా. తొలి దినములలోనే రాయప్రోలు సుబ్బారావుగారు ఆంధ్రశాఖకు ఆచార్యులై వచ్చిరి. కురుగంటి సీతారామయ్యగారు, ఖండవల్లి లక్ష్మీరంజనముగారు, దివాకర్ల వేంకటావధానిగారు పిమ్మటి కాలమున దానిని పోషించిరి. కాని తెలుగు ఇచట పరిశోధనాభాషగా నిలదొక్కుకొన్న విధము నాకు మిక్కిలి ప్రియమైనది. 1950వ దశకమున బిరుదురాజు రామరాజుగారు డాక్టరేటు పట్టమునకై ఎన్నుకొన్నది ప్రబంధము కాదు, వ్యాకరణము కాదు, జానపదగేయము. నాటువేయు స్త్రీల పాటలు, రోకటిపాటలు, జోలపాటలు, ఏనాడును విశ్వవిద్యాలయపు గడప త్రొక్కని నోళ్ళనుండి వచ్చి, సిద్ధాంతగ్రంథముగా మహాద్వారముగుండ లోపలికి నడచినవి. పట్టపరీక్షవఱకు ఉర్దూలోనే చదివిన సి. నారాయణరెడ్డిగారు ఆధునికాంధ్ర కవిత్వముపై ఇచటనే పరిశోధించి, 1962లో పట్టమును పొంది, పిమ్మట జ్ఞానపీఠ పురస్కారమును తెలుగునకు తెచ్చిరి. ఉర్దూ ఆయన తెలుగును మ్రింగివేయలేదు. దానికొక గజలు నడకను అదనముగా నేర్పినది.

ఆ 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారు భాషాశాస్త్రశాఖకు ఆచార్యులై వచ్చిరి. వారి సంపాదకత్వమున ఆ యేడే వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములది. నాగలియొక్క ఒక్కొక్క భాగమును ఏ జిల్లా రైతు ఏమని పిలుచునో వ్రాసికొనుట వారి పని. దారుల్ తర్జుమా పండితులు గదిలో కూర్చుండి పదములను నిర్మించిరి; వీరు పొలముగట్టున నిలుచుండి, ఉన్న పదములను ఏఱుకొనిరి. 1968లో, అప్పటి విద్యామంత్రి పి. వి. నరసింహారావుగారి చొరవతో, హైదరాబాదున తెలుగు అకాడమి యేర్పడి, కళాశాలలకు తెలుగున శాస్త్రగ్రంథములను, పారిభాషిక పదకోశములను సమకూర్ప మొదలిడినది. ముప్పదియేండ్ల క్రిందట వందేమాతర ఉద్యమమున పాల్గొనిన యువకుడే, దారుల్ తర్జుమా చేసిన పనిని తెలుగున మరల ఎత్తుకొనెనని నేననుకొందును.

శ్రోతలారా, భాషల గొడవలో మునిగి ఈ విశ్వవిద్యాలయపు విజ్ఞానశాఖలను విస్మరింపరాదు. నవాబు జఫర్ జంగ్ అను నక్షత్రప్రియుడు 1901లో ఫిసల్‌బండ యందు తన సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పి, పదునైదంగుళముల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించెను. ఆయన కన్నుమూసిన పిమ్మట 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు తరలించినది. 1919లో అది ఉస్మానియాకు సంక్రమించినది. ఆకాశమును దేశములవారీగా పంచుకొని నక్షత్రములన్నింటిని ఛాయాచిత్రములలో బంధింపదలచిన అంతర్జాతీయ ప్రణాళికలో, దక్షిణాకాశమున 17వ అంశమునుండి 23వ అంశమువఱకు గల పట్టీ నిజామియా యను ఈ వేధశాల వంతునకు వచ్చినది. టి. పి. భాస్కరన్‌గారి నాయకత్వమున, రాత్రులకు రాత్రులు గాజుపలకలపై చుక్కలను పట్టి, పగళ్ళకు పగళ్ళు సూక్ష్మదర్శినులక్రింద వాని స్థానములను కొలిచి, ఏడు లక్షలకు పైబడిన నక్షత్రస్థానములను పట్టికలకెక్కించిరి. ఆ పట్టికలకు ఏ బోధనభాషయు అవసరము లేకపోయినది, అవి అంకెలు. నగరదీపములు పెరిగి ఆకాశము వెలవెలబోవగా, 1968లో రంగాపురపు గుట్టలమీద నలుబదియెనిమిది అంగుళముల దర్పణము గల దూరదర్శినిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు సూర్యుడు సంపూర్ణముగా మఱుగుపడినపుడు, దేశదేశముల ఖగోళజ్ఞులు ఆ గుట్టనే వెదకికొని వచ్చిరి.

సర్ సి. వి. రామన్ శిష్యుడైన సూరి భగవంతముగారు 1952 మొదలు ఐదేండ్లు ఇచట ఉపకులపతులుగా నుండిరి. తార్నాక పరిసరములలో రసాయన, పోషణ, భూభౌతిక పరిశోధనాలయములు ఒకదానిప్రక్క నొకటి వెలసి, ఈ ప్రాంగణమును ఒంటరి ద్వీపము కానీయక, పరిశోధకుల వాడగా మార్చినవి.

నేడు ఇచట చదువ గోరువానికి లభించు విద్యలను వరుసగా చదివినచో నాకిచ్చిన వ్యవధి చాలదు. కళలు, విజ్ఞానము, ఇంజనీరింగు, సాంకేతికవిద్య, న్యాయము, వాణిజ్యము, విద్యాబోధన అనువానికి వేర్వేరు కళాశాలలు. ఒకనాడు మద్రాసునకు తలయొగ్గిన నిజాం కళాశాల నేడు ఇంటి బిడ్డ. తెలుగు, ఉర్దూ, సంస్కృతము, హిందీ, పారసీకము, అరబీ మొదలగు భాషలకు శాఖలు. 1954లో ఏర్పడిన సంస్కృత అకాడమి. ఉద్యోగము విడిచి తరగతికి రాలేనివారికొఱకు జి. రాంరెడ్డిగారు ఉపకులపతులుగా నున్న కాలమున, 1977లో, ఇంటికి పాఠములను పంపు విధానము ఇచట మొదలైనది. ఆయనయే 1982లో రాష్ట్రపు సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపకులపతులైరి. తపాలాబిళ్ళ అంటించిన కవరులో పల్లెకు పోయిన పాఠము దేశమునంతయు చుట్టివచ్చినది.

నగరమున నున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయమునకు మఱియొక ధర్మము కలదు. దానికి ప్రహరీ యెంత యున్నను వాకిలి మూయరాదు. ఉదయమున ఈ రోడ్లమీద నడకకు వచ్చు ముసలివారు, చెట్లనీడన పోటీపరీక్షల పుస్తకములు పఱచుకొన్న నిరుద్యోగులు, గ్రంథాలయమున కుర్చీకొఱకు వేకువనే సంచి వేసి పోవు పల్లెటూరి పిల్లలు, 1969లోను ఆ తరువాతను తెలంగాణ నినాదముతో మెట్లమీద బైఠాయించినవారు, వీరందఱును ప్రవేశపట్టీలో పేరున్నను లేకున్నను దీని విద్యార్థులే.

ఆ వృద్ధుని కథ నేను పూర్తిగా చెప్పలేదు. నోట్లు లెక్కించుట ముగిసిన పిమ్మట మనుమడు దరఖాస్తు కాగితమును తెచ్చి, తాత వీపునే బల్లగా చేసికొని నింపసాగెను. ఆ కాగితము ఆంగ్లమున నుండెను. ఒకచోట ఆగి, ఒక మాటకు అర్థము నన్నడిగెను. ఆ గడిలో మాతృభాష యేదో వ్రాయవలసి యుండెను. కుఱ్ఱవాడు వ్రాసెను. తాత ఉర్దూలో లెక్కించిన సొమ్మును, మనుమడు ఆంగ్లమున నింపిన కాగితమును కిటికీలో అప్పగించి, ఇరువురును తెలుగున ఏదో వాదించుకొనుచు, రైలు వేళయైనదని త్వరపడుచు స్టేషను వైపు నడచిపోయిరి. ఆ మూడింటిలో వారు ఏ స్టేషనున బండి యెక్కిరో నేను చూడలేదు.